అర లీటరు గాలి

చిలీ దేశపు అడుగంచున మా ఊరు, పుంతా అరేనాస్.
ఇక్కడ గాలికి కరువు లేదు.
వసంతం వస్తే వీధి మలుపుల్లో మోకులు కడతారు,
మనుషులు కొట్టుకుపోకుండా పట్టుకుని నడవడానికి.
పక్కింటి రేకు మా పెరట్లోకి, మా బకెట్టు ఇంకెవరి పెరట్లోకో.
అలాంటి ఊళ్ళో
నా కూతురికి గాలి కొలిచి పోస్తున్నాం,
నిమిషానికి అర లీటరు.

ఇరవై ఐదో వారంలోనే వచ్చేసింది.
ఏడువందల పది గ్రాములు.
మా అమ్మ పేరు పెట్టాం, ఔరిస్తేలా.
నర్సు ఒర్తెన్సియా మణికట్టు పట్టీ మీద రాయబోయి
చోటు చాలక రెండు వరుసలు చేసింది.
పిల్లకంటే పేరే బరువు, అంది నెలిదా.
నవ్వబోయి, కుట్లు లాగి, ఆగిపోయింది.

పీతల పడవ మీద పదహారేళ్ళు పనిచేశాను.
బోనులోంచి తీసిన ప్రతి పీతకీ డిప్ప కొలవాలి,
పన్నెండు సెంటీమీటర్లకి తగ్గితే సముద్రంలోకి వదిలేయాలి.
అలవాటు పడ్డ చెయ్యి, చూడకుండానే విసిరేస్తుంది.
ఆ గాజు పెట్టె ముందు మొదటి రాత్రి
చేతులు జేబుల్లో దాచుకుని నిలబడ్డాను.
ఎప్పటికో తట్టింది,
చిన్నవాటిని విసిరేది పెరిగి రమ్మనే కదా అని.
అప్పుడు గుండ్రటి కిటికీలోంచి ఒక వేలు లోపలికి పెట్టాను.
పట్టుకోలేదు.
తొమ్మిదో రోజు పట్టుకుంది.

నూట ముప్పై ఏడు రోజులు.
మెదడులో నెత్తురు, కళ్ళకి లేజరు,
రెండుసార్లు నీలంగా మారి రెండుసార్లూ వెనక్కొచ్చింది.
డాక్టర్ మిలెన్కా ఏదడిగినా "చూద్దాం" అనేది.
ఆ "చూద్దాం"లో ఎన్ని రకాలున్నాయో
నేనూ నెలిదా బస్సులో వాదించుకునేవాళ్ళం.

ఇప్పుడు ఇంట్లోనే.
పొట్ట మీద చొక్కా బొత్తాంలాంటి ద్వారం,
మూడు గంటలకోసారి సిరంజి ఎత్తి పట్టుకుంటే
పాలు వాటంతట అవే దిగుతాయి.
అమ్మ ఊరుకోదు, ఒక చుక్క తీసి పెదాలకి రాస్తుంది,
రుచి నోటికి తెలియకపోతే ఎలా అని.

ముందురాత్రి నెలిదా, వెనకరాత్రి నేను.
పరుపు మీది వెచ్చని గుంటని ఒకరికొకరం అప్పగిస్తాం.
ఎంత పోశాం, ఎంత కక్కింది,
కాలివేలికి కట్టిన ఎర్రదీపం ఎంత చూపించింది,
అన్నీ కాగితం మీద.
ఒకరోజు అడుగున వంకరగా రాసి ఉంది:
"గడ్డం గీసుకో, దానికి గుచ్చుకుంటోంది."
ఆ కాగితం పారేయలేదు.

పోయిన మంగళవారం గాలికి కరెంటు పోయింది.
యంత్రం ఆగాక గాని తెలియలేదు,
ఇన్నాళ్ళూ ఆ హోరులోనే మేం నిద్రపోతున్నామని.
సిలిండరు మర తిప్పుతుంటే చేతులు వణికాయి,
మంచు గడ్డకట్టిన తాళ్ళు విప్పిన చేతులు.
బయట ఇంటికప్పు ఊడబీకేంత గాలి.
లోపల టార్చి వెలుగులో
డొక్కలెగరేస్తున్న పిల్ల.
ఇంత పెట్టుకుని పిసరు ఇవ్వలేవా అని
కిటికీ అద్దం మీద గుద్దాను.
అద్దం పగిలితే చలికి చస్తుందిరా, అని అమ్మ తిట్టింది.

నిన్న పరీక్షకి తీసుకెళ్ళాం.
కోటు లోపల రొమ్ముకి పిల్ల, వీపున సిలిండరు,
ముక్కుకి సన్న గొట్టం, నా చేతికి లావు మోకు,
వాటికి వేలాడుతూ రోడ్డు దాటుతున్నాం.
కోటు అంచు ఎగిరింది.
గాలి నేరుగా దాని మొహాన కొట్టింది.
కళ్ళు చికిలించి, నోరు తెరిచి,
ఏ మీటరూ లేని గాలిని ఒక్క గుక్క
మింగిందో ఉమ్మిందో తెలీదు.
తుమ్మింది.
నెలిదా రెండు చేతులా కోటు మూయబోయింది,
దాని టోపీ ఎగిరిపోయింది.
నీలం ఉన్ని టోపీ. ఎవరి పెరట్లో పడిందో,
ఇంకా ఎవరూ తెచ్చివ్వలేదు.